కృత్రిమ మేధ: గురి తప్పిన జోస్యాలు

ఆమె ఎవరో మనకు తెలియదు. 1960ల మధ్యలో, అమెరికాలో అందరూ ఎంఐటీ అని పిలిచే మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో, జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆచార్యుడి దగ్గర సెక్రటరీగా పనిచేసేది. ఆయన నెలల తరబడి ఒక ప్రోగ్రాం రాయడం ఆమె కళ్లెదుటే జరిగింది. దాని పేరు ఎలైజా. మనిషి ఒక వాక్యం టైపు చేస్తే, కాసేపటికి అవతలి నుంచి ఒక వాక్యం అచ్చయి వచ్చేది. లోపల పెద్ద విద్యేమీ లేదు. వాక్యంలో ఒక ముఖ్యమైన మాట పట్టుకోవడం, ‘నేను’ను ‘మీరు’గా మార్చి, దాన్నే ప్రశ్నగా తిప్పి వేయడం, అంతే. అమ్మ ప్రస్తావన వస్తే ఇంట్లోవాళ్ల గురించి చెప్పమనేది. ఏ మాటా చిక్కకపోతే ఇంకా చెప్పమంటూ నెట్టుకొచ్చేది. లోకజ్ఞానం లేకపోయినా మాట పొడిగించగల పాత్ర మనోవైద్యుడిది కాబట్టి వైజెన్‌బామ్ దానికి ఆ వేషం వేశాడు. ఇందులోని కిటుకు ఆమెకు తెలుసు. అయినా ఒకరోజు తానే దాని ముందు కూర్చుంది. రెండు మూడు వాక్యాలు నడిచాయో లేదో, ఆచార్యుడి వైపు తిరిగి, కాస్త గది బయటికి వెళతారా అని అడిగింది.

ఆ చిన్న కోరిక వైజెన్‌బామ్‌ను జీవితాంతం వదల్లేదు. ఆయన 1923లో బెర్లిన్‌లో యూదు కుటుంబంలో పుట్టినవాడు. హిట్లర్ పాలనలో, 1936లో, ఆ కుటుంబం జర్మనీ విడిచి వచ్చింది. మనిషిని లెక్కలోకి కుదిస్తే ఏమవుతుందో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1976లో రాసిన పుస్తకంలో ఈ సంఘటన చెప్పాడు గాని ఆ సెక్రటరీ పేరు రాయలేదు. యంత్రం తెలివిమీరుతుందన్నది ఆయన బెంగ కాదు. తెలివి లేని యంత్రానికి మనుషులు ఇంత తేలిగ్గా మనసు విప్పుతున్నారన్నదే ఆయన్ను కలవరపెట్టింది. విచిత్రమేమంటే, ఎలైజా రోజుల్లోనే, 1966లో, కెనెత్ కోల్బీ అనే మనోవైద్యుడు సహచరులతో కలిసి అదే బాపతు ప్రోగ్రాం గురించి రాస్తూ, కంప్యూటర్ సాయంతో గంటకు కొన్ని వందల మంది రోగులను చూడవచ్చని ఆశపడ్డాడు.

కృత్రిమ మేధ (ఏఐ) చుట్టూ అల్లుకున్న ఆశాభయాలకు ఇప్పుడు డెబ్భై ఏళ్లు. వాటిని వరసగా చదువుకుంటూ వస్తే, ఆశావాదులు గెలిచారా, భయపడ్డవాళ్లు గెలిచారా అన్న ప్రశ్న నాకు అంత ముఖ్యంగా కనబడలేదు. ఇద్దరూ ఎక్కువసార్లు గురి తప్పారు. గురి తప్పనివి కొన్ని ఉన్నాయి. అవి చిన్నవి, కొలతకు అందినవి, కాగితం మీద షరతులుగా దిగినవి.

ఈ రంగానికి పేరు పెట్టిన కాగితం కూడా డబ్బు అడిగే దరఖాస్తే. 1955లో జాన్ మెకార్తీ, మార్విన్ మిన్‌స్కీ, నథానియెల్ రాచెస్టర్, క్లాడ్ షానన్ కలిసి రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌కు ఒక ప్రతిపాదన పంపారు. పదిమంది రెండు నెలలు కూర్చుంటే యంత్రాలకు భాష, తర్కం, స్వయంశిక్షణ నేర్పే దారిలో గట్టి ముందడుగు పడుతుందన్నారు. 13,500 డాలర్లు అడిగితే 7,500 వచ్చాయి. 1956 వేసవిలో డార్ట్‌మత్ కళాశాలలో సమావేశం జరిగింది. వచ్చినవాళ్లు వస్తూ పోతూ ఉన్నారు. అనుకున్నది తేలలేదు, పేరు మాత్రం నిలిచింది.

రెండేళ్ల తర్వాత, 1958 జులైలో, అమెరికా నౌకాదళం వాషింగ్టన్‌లో విలేకరులను పిలిచి ఒక ప్రదర్శన ఇచ్చింది. ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తయారుచేసిన ‘పెర్‌సెప్ట్రాన్’ అది. గదినిండా పరచుకున్న ఐబీఎం 704 కంప్యూటర్‌కు కార్డులు చూపించారు. కొన్నింటికి ఎడమవైపు గుర్తు, కొన్నింటికి కుడివైపు. యాభై కార్డులు అయ్యేసరికి ఏది ఎడమో ఏది కుడో యంత్రం తనంతట తానే పోల్చుకోవడం మొదలుపెట్టింది. చూపింది ఇంతే. మర్నాడు న్యూయార్క్ టైమ్స్ మాత్రం ఈ యంత్రం ముందుముందు నడుస్తుందనీ మాట్లాడుతుందనీ రాస్తుందనీ, తననుతాను పునరుత్పత్తి చేసుకుంటుందనీ, తాను ఉన్నానన్న ఎరుక కలిగి ఉంటుందనీ నౌకాదళం ఆశిస్తున్నట్టు రాసింది. కుడిఎడమల నుంచి ఆత్మజ్ఞానానికి ఒక్క రాత్రిలో వెళ్లిన ప్రయాణమిది. 1969లో మిన్‌స్కీ, సీమోర్ పాపెర్ట్ ఆ యంత్రం పరిమితులను గణితంతో నిరూపిస్తూ పుస్తకం రాశారు. రెండేళ్లకు రోజెన్‌బ్లాట్ పడవ ప్రమాదంలో చనిపోయాడు. ఆ రోజు ఆయన 43వ పుట్టినరోజు. నేటి ఏఐ నమూనాల పునాదిలో ఉన్నది ఆయన ఆలోచనే అని చూసే అవకాశం ఆయనకు దక్కలేదు.

ఈ రంగం తొలి పరిశోధకుల్లో ఒకడైన హెర్బర్ట్ సైమన్‌ది మరో రకం ధీమా. పదేళ్లలో కంప్యూటర్ చదరంగంలో ప్రపంచ విజేత అవుతుందని 1957లో అన్నాడు. ఆ మాట నిజం కావడానికి నలభై ఏళ్లు పట్టింది. 1997 మేలో ఐబీఎం వారి డీప్ బ్లూ ప్రపంచ విజేత గ్యారీ కాస్పరోవ్‌ను ఓడించింది. ఇరవై ఏళ్లలో మనిషి చేసే ఏ పనైనా యంత్రం చేయగలదని 1965లో చెప్పిన మాట మాత్రం ఇప్పటికీ బాకీగానే ఉంది.

దీని పక్కనే ఇంకో కథ నిశ్శబ్దంగా నడిచింది. అందులో మనవాడు ఒకరున్నారు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బాల రాజగోపాల్ రెడ్డి మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, ఆస్ట్రేలియా మీదుగా స్టాన్‌ఫర్డ్ చేరి, మెకార్తీ దగ్గర 1966లో డాక్టరేట్ పొందారు. లోకానికి ఆయన రాజ్ రెడ్డి. యంత్రానికి మనిషి మాట వినడం నేర్పాలన్నది ఆయన పట్టు. 1971లో అమెరికా రక్షణ శాఖ పరిశోధన సంస్థ ఒక పథకం పెట్టింది. అందులో యంత్రం మనిషైపోవాలన్న షరతేమీ లేదు. ఐదేళ్లలో, వెయ్యి మాటల పదజాలంతో, సహజంగా పలికిన వాక్యాలను అర్థం చేసుకోవాలి. అంతవరకే. 1976లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రెడ్డి బృందం రూపొందించిన ‘హార్పీ’ 1,011 మాటలతో ఆ గీత దాటింది. దానికి పతాక శీర్షికలు రాలేదు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ఆయన కంప్యూటర్ శాస్త్రంలో ఇచ్చే ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. ఎంత అడగాలో తెలిసి అడిగిన ఆశ అది.

భయాలకూ ఇలాంటి చరిత్రే ఉంది. 1949లో సైబర్నెటిక్స్ పితామహుడు నార్బర్ట్ వీనర్ మోటారు కార్మికుల సంఘం నాయకుడు వాల్టర్ రూథర్‌కు ఉత్తరం రాశాడు. మనుషులు లేకుండా నడిచే కార్ఖానాలు రాబోతున్నాయనీ, ముందే మేలుకోకపోతే నిరుద్యోగం ముంచెత్తుతుందనీ హెచ్చరించాడు. 1964 మార్చిలో రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్, ఆర్థికవేత్త గున్నార్ మిర్డాల్ తదితరులు అధ్యక్షుడు లిండన్ జాన్సన్‌కు ‘త్రివిధ విప్లవం’ పేరిట పత్రం పంపారు. యంత్రాలే ఉత్పత్తి చేస్తాయి గనుక పనితో సంబంధం లేకుండా అందరికీ ఆదాయం ఇవ్వాలన్నది అందులో ముఖ్యమైన మాట. జాన్సన్ ఒక సంఘాన్ని వేశాడు. ఆ సంఘం నివేదిక ఇచ్చిన 1966లో అమెరికాలో నిరుద్యోగం నాలుగు శాతం లోపే ఉంది. పత్రం మరుగున పడింది. అందరికీ ఆదాయం అన్న మాట మాత్రం ఇప్పుడు ఏఐ కంపెనీల అధినేతల నోట మళ్లీ వినబడుతోంది. నాకిది కాస్త నవ్వు తెప్పిస్తుంది.

1973లో ఆశకు గట్టి దెబ్బ తగిలింది. కేంబ్రిడ్జ్ గణిత ఆచార్యుడు జేమ్స్ లైట్‌హిల్ బ్రిటిష్ ప్రభుత్వ పరిశోధన మండలికి ఇచ్చిన నివేదికలో ఈ రంగాన్ని దాదాపు తీసిపారేశాడు. ఆడుకునే సమస్యలు దాటి అసలు సమస్యల్లోకి రాగానే పరిశీలించాల్సిన సాధ్యాల సంఖ్య అదుపు తప్పిపోతుందన్నాడు. లండన్‌లో జరిగిన చర్చను బీబీసీ చిత్రీకరించింది. ఎడిన్‌బరోకు చెందిన డొనాల్డ్ మిషీ తమ రోబో ‘ఫ్రెడ్డీ’ని సమర్థించుకున్నాడు. ముక్కల కుప్పలోంచి ఏరి బొమ్మకారు కూర్చగలిగిన రోబో అది. వాదన ఎవరు గెలిచారన్నది పక్కన పెడితే, బ్రిటన్‌లో నిధులు ఎండిపోయాయి. కరువు కాలం మొదలైంది.

మన దేశంలో భయం ఏఐ పేరుతో రాలేదు, కంప్యూటర్ పేరుతో వచ్చింది. 1960లలో కలకత్తాలో జీవిత బీమా సంస్థ కంప్యూటర్ పెట్టబోతే ఉద్యోగులు అడ్డంపడ్డారు. ఎర్ర బ్యానర్లు, రాత్రింబవళ్ల కాపలా. యంత్రం భవనంలోకి వెళితే తాము బయటికి వస్తామన్నది వాళ్ల లెక్క. బ్యాంకుల్లోనూ అదే పేచీ. చివరికి 1983 సెప్టెంబరులో బ్యాంకుల సంఘానికీ ఉద్యోగ సంఘాలకూ మధ్య ఒప్పందం కుదిరింది. ఎక్కడ, ఎంత మేరకు యంత్రాలు పెట్టవచ్చో అందులో రాసుకున్నారు. ఆ ఒప్పందాన్ని ప్రగతికి అడ్డంకి అని తర్వాతివాళ్లు వెక్కిరించారు. నా దృష్టిలో అది అన్యాయం. ఉద్యోగులు యంత్రాన్ని ఆపలేదు, దాని నడకను తమతో మాట్లాడి ఖాయం చేసుకునేలా చేశారు. హైదరాబాద్‌లోని అమీర్‌పేట గోడల నిండా కంప్యూటర్ కోర్సుల బోర్డులు వెలిసేనాటికి ఆ భయం పూర్తిగా ఆశగా మారిపోయింది. ఇప్పుడు కోడ్ రాసే ఏఐని చూసి అదే అమీర్‌పేట మళ్లీ గుబులు పడుతోంది. 2025 జులైలో టీసీఎస్ దాదాపు 12,000 ఉద్యోగాలు తగ్గిస్తామని ప్రకటించింది. కారణం ఏఐ కాదనీ, నైపుణ్యాల పొంతన కుదరకపోవడమనీ సంస్థ చెప్పింది. ఆ వివరణ ఎంతమందికి ఊరటనిచ్చిందో చెప్పలేను.

నిపుణుల జోస్యం కూడా మామూలు మనిషి జోస్యం కన్నా నిక్కచ్చిగా ఉంటుందని అనుకోనక్కర్లేదు. నాడీజాలాల (న్యూరల్ నెట్‌వర్క్‌ల) పరిశోధనలో అగ్రగణ్యులు జెఫ్రీ హింటన్ 2016లో టొరంటోలో మాట్లాడుతూ, రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇప్పుడే ఆపేయాలన్నారు. కొండ అంచు దాటిపోయినా కిందికి చూసుకోని కార్టూన్ తోడేలుతో వాళ్లను పోల్చారు. ఏళ్లు గడిచాయి. ఎక్స్‌రేలు, స్కాన్‌లు చూడడంలో ఏఐ బాగానే అక్కరకొస్తోంది, రేడియాలజిస్టులకు గిరాకీ తగ్గలేదు. మరీ స్థూలంగా మాట్లాడానని హింటన్ తర్వాత ఒప్పుకున్నారు. అదే హింటన్ 2023 మేలో గూగుల్ వదిలి, ఏఐ మానవజాతికే ముప్పు కావచ్చని హెచ్చరించడం మొదలుపెట్టారు. 2024లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. మొదటి జోస్యం తప్పింది కదా అని రెండోదాన్ని కొట్టిపారేయడం కుదరదు. నోబెల్ వచ్చింది కదా అని కళ్లకద్దుకోవడమూ కుదరదు.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ జనం చేతికి వచ్చింది. ఐదు రోజుల్లో పదిలక్షల మంది చేరారు. 2023 మార్చి 22న, దాని తర్వాతి నమూనా జీపీటీ-4 వచ్చిన వారానికి, ఒక బహిరంగ లేఖ వెలువడింది. అంతకన్నా శక్తిమంతమైన నమూనాల శిక్షణ ఆరు నెలలు ఆపాలని కోరింది. వేలాదిమంది సంతకాలు చేశారు. ఎవరూ ఆపలేదు. ఆ ఏడాది నవంబరులో బ్రిటన్‌లోని బ్లెచ్లీ పార్క్‌లో భారత్ సహా 28 దేశాలు, ఐరోపా సమాఖ్య కూర్చుని ఒక ప్రకటన చేశాయి. కంప్యూటర్ శాస్త్రానికి ఆద్యుడైన అలన్ ట్యూరింగ్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో సంకేతాలు ఛేదించిన చోటు కాబట్టి ఫొటోలు బాగా వచ్చాయి.

ఈలోగా జనం మనసు ఎటు మొగ్గిందో ప్యూ పరిశోధన సంస్థ సర్వేల్లో కనిపిస్తుంది. ఏఐ విషయంలో ఉత్సాహం కన్నా ఆందోళనే ఎక్కువని చెప్పిన అమెరికన్లు 2021లో 37 శాతం, 2023లో 52 శాతం. 2025లో ప్రకటించిన మరో సర్వేలో ఏఐ నిపుణులనూ అడిగారు. వాళ్లలో అలా అన్నది 15 శాతమే. తయారుచేసేవాళ్ల ఉత్సాహమూ, వాడక తప్పనివాళ్ల బెంగా ఒకే వస్తువు మీద ఇంత దూరంలో ఉన్నాయి.

పెద్ద భయాలు రోబోల తిరుగుబాటు వైపు చూస్తుంటే, అసలు నష్టం గుమాస్తా బల్ల దగ్గర జరిగింది. నెదర్లాండ్స్‌లో పన్నుల శాఖ పిల్లల సంరక్షణ భత్యంలో మోసాలు పట్టడానికి యంత్ర నమూనా వాడింది. పౌరసత్వాన్ని బట్టి కొందరిని అది అనుమానంగా చూసింది. వేలాది కుటుంబాలు అప్పులపాలయ్యాయి. 2021 జనవరి 15న ప్రభుత్వమే రాజీనామా చేసింది. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ వాహనాలు, ఆస్తులు, కరెంటు బిల్లుల వంటి రికార్డులను కలిపి, సంక్షేమ పథకాలకు ఎవరు అర్హులో తేల్చడానికి వాడుకలోకి వచ్చింది. పేర్లు కాస్త కలిస్తే చాలు, రిక్షా తొక్కి బతికిన మనిషి లెక్కలో వేరొకరి కారు వచ్చి పడింది. ఇంట్లోవాళ్లకు రేషన్ బియ్యం పోయింది. రాష్ట్రంలో రద్దయిన లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. యంత్రానికి ఇక్కడ దురుద్దేశం లేదు, తెలివీ లేదు. తప్పు చెప్పుకోవడానికి ఎదురుగా మనిషి లేకపోవడమే అసలు గోస.

అదే 2023లో, సంతకాల లేఖ ఎవరినీ ఆపలేకపోయిన ఏడాదిలోనే, హాలీవుడ్ రచయితలు పని ఆపారు. మే 2న మొదలైన సమ్మె 148 రోజులు సాగింది. జీతాలు, రాయల్టీల పక్కన ఏఐ కూడా వాళ్ల చిట్టాలో ఉంది. మానవజాతి భవిష్యత్తు గురించి వాళ్లు ఒక్క మాటా రాయలేదు. ఏఐ రాసినదాన్ని రచనగా లెక్కించకూడదు, రచయిత చేత బలవంతాన ఏఐ వాడించకూడదు, ఏఐ ముసాయిదా చేతికిస్తే ఆ సంగతి ముందే చెప్పాలి. ఇలాంటి షరతులు కాగితం మీదికి తెచ్చుకుని సెప్టెంబరు చివర మళ్లీ పనిలోకి వెళ్లారు. ఆ ఒప్పందానికి పెట్టుకున్న గడువు 2026 మే 1.