800111: ఒక నంబరు నోటికి రావడానికి పట్టిన కాలం

ఎపిసోడ్‌లో టైమ్ చాలక ఒక నంబరు గబగబా చదివేసి ముందుకెళ్ళిపోయాను. విన్నవాళ్ళలో కొందరికైనా "ఇదెప్పట్నించి ఉంది? ఎవరు పెట్టారు?" అనిపించి ఉంటుంది. ఆ కథ ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

నంబరు 800111. దుబాయ్ ఫౌండేషన్ ఫర్ విమెన్ అండ్ చిల్డ్రన్ వాళ్ళ హెల్ప్‌లైన్. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడవాళ్ళకి, పిల్లలకి, మోసం చేసి తీసుకొచ్చి అమ్మేసినవాళ్ళకి తలదాచుకునే చోటిచ్చే సంస్థ. 2007లో మొదలైంది. ఎమిరేట్స్‌లో లైసెన్సు ఉన్న మొదటి షెల్టర్ ఇదే. అంతకు ముందు ఏడాదే, 2006లో, మనుషుల అక్రమ రవాణా మీద దేశం ఒక ఫెడరల్ చట్టం చేసింది.

ఇంతవరకే చదివితే ముందు చట్టం, తర్వాత షెల్టర్, అంతా ఓ వరసలో జరిగినట్టు ఉంటుంది. ఇంటి లోపలి గొడవకి వచ్చేసరికి ఆ వరస తిరగబడుతుంది. 1987 నాటి శిక్షాస్మృతిలో 53వ అధికరణం అని ఒకటుంది. చట్టం ఇచ్చిన హక్కును వాడుకుంటూ చేసిన పని నేరం కాదని చెబుతూ, అలాంటి హక్కుల్లో భర్త భార్యని "దండించడం" కూడా చేర్చింది. 2007లో షెల్టర్ తలుపు తెరిచేనాటికి ఆ అధికరణం అక్కడే ఉంది.

2010లో ఒక కేసు ఫెడరల్ సుప్రీం కోర్టుదాకా వెళ్ళింది. షార్జాలో ఒకాయన భార్య మీద చెయ్యి చేసుకున్నాడు, 23 ఏళ్ళ కూతుర్ని కాలితో తన్నాడు. కోర్టు అతనిది తప్పే అంది. ఎందుకంటే ఒంటిమీద గాయాలు కనిపించాయి, కూతురు పెద్దదైపోయింది. అంటే గుర్తులు మిగలకుండా కొట్టి ఉంటే? తీర్పు చదివిన ప్రపంచమంతా అడిగిన ప్రశ్న అదే. అతనికి పడిన జరిమానా 500 దిర్హాములు.

ఇప్పుడు ఆ రోజుల్లో హెల్ప్‌లైన్ దగ్గర కూర్చున్న మనిషి ఇబ్బంది ఊహించుకోండి. ఫోన్ చేసిన అమ్మాయికి "నువ్వు రా, నిన్ను కాపాడతాం" అని చెప్పాలి. అదే వారం పేపర్లో కోర్టు "మచ్చ పడకపోతే సరే" అన్నట్టు వార్త వచ్చింది. భార్యని దండించే హక్కు అన్న మాట శిక్షాస్మృతిలోంచి పోయింది 2016లో. షెల్టర్ పెట్టిన తొమ్మిదేళ్ళకి! గృహహింస మీద ప్రత్యేక చట్టం వచ్చింది 2019లో. కొట్టినవాణ్ణి దగ్గరికి రానివ్వకుండా 30 రోజుల రక్షణ ఉత్తర్వు తెచ్చుకునే వీలు అప్పుడు కలిగింది. 2024లో దాని స్థానంలో ఇంకో చట్టం వచ్చింది. అవగాహన అనేది చట్టం అయ్యాక చేసే ప్రచారం అనుకుంటాం గానీ, ఇక్కడ చట్టం లేని పన్నెండేళ్ళూ ఆ నంబరే ముందు నడిచింది.

ఇది చదివి "అరబ్బు దేశం కదా, అంతే" అనేవాళ్ళు మనలో ఉంటారని నాకు తెలుసు. ఆగండి. మన దగ్గర 53వ అధికరణం లాంటిదేదీ కాగితం మీద లేదు. 2005లోనే గృహహింస చట్టం చేసుకున్నాం కూడా. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి మొగుడు పెళ్ళాన్ని కొట్టడం సబబే అన్న ఆడవాళ్ళు తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ నూటికి 80 మందికి పైనే. దేశం మొత్తంలో మనమే ముందు. అత్తమామల్ని గౌరవించకపోతే, ఇల్లు పట్టించుకోకపోతే... అలాంటి కారణాలు. "కొట్టినా తిట్టినా మొగుడే" అన్న మాటకి ఏ గెజెట్టూ అక్కర్లేకపోయింది. విమానం ఎక్కేటప్పుడు ఆ మాటని సామానుతో పాటు ఎవరూ తూకం వెయ్యరు.

ఆ మాట మారదా అంటే, మారిన సందర్భం ఒకటి మన చరిత్రలోనే ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంట. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడులు నడిచేవి. పగలంతా కూలికెళ్ళొచ్చిన ఆడవాళ్ళు లాంతరు చుట్టూ కూర్చుని, ఒక ఊళ్ళో ఆడాళ్ళంతా ఏకమై సారా కొట్టు మూయించిన పాఠం చదివారు. "మరి మనమెందుకు చెయ్యకూడదు?" అని మాట పుట్టింది. కూలి డబ్బు సారాకి పోయేది, రాత్రికి దెబ్బలు ఇంటికొచ్చేవి. వర్ధినేని రోశమ్మ లాంటివాళ్ళు ముందుకొచ్చారు, 1992లో ఊరూరా పాకింది, 1993 అక్టోబర్ 1 నుంచి ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. తర్వాత నిషేధం ఏమైందన్నది వేరే ఎపిసోడ్. నాకు కావలసింది ఆ లాంతరు: తమ భాష, తమలాంటి కథ, రోజూ కలిసే చోటు. ఈ మూడూ ఒకే దగ్గర దొరికాయి వాళ్ళకి.

దుబాయ్‌లో మన ఆడవాళ్ళకి ఆ మూడూ ఎక్కడ దొరకాలి?

మా కోనసీమ వైపు గల్ఫ్‌లో ఏ దేశానికి వెళ్ళినా "దుబాయ్ వెళ్ళింది" అనే అంటారు. మస్కట్‌లో ఉన్నామెనీ, కువైట్‌లో ఉన్నామెనీ కూడా. రాజోలు, నర్సాపురం, కడప వైపు రాయచోటి, రాజంపేట నుంచి ఇంటిపనికి వెళ్ళేవాళ్ళు ఎక్కువ. ఖద్దామా పని అంటారు. పదో తరగతి పాసవ్వని ఆడవాళ్ళు ఇంటిపనికి వెళ్ళాలంటే 30 ఏళ్ళు నిండాలని భారత ప్రభుత్వం నియమం పెట్టింది. తర్వాత ప్రభుత్వ ఏజెన్సీల ద్వారానే వెళ్ళాలంది. ఏజెంట్లు దానికి విజిట్ వీసా దారి కనిపెట్టారు. విజిట్ వీసా మీద దిగినామె లెక్కల్లో పర్యాటకురాలు. దెబ్బలు తింటే ఏ కాంట్రాక్టు చూపించి అడుగుతుంది? ఇల్లు వదిలి బయటికొస్తే "పారిపోయింది" అని ఆమె మీదే కేసు.

ఇంకో సంగతి. 2019 చట్టం కాపాడేది "కుటుంబ సభ్యుల్ని". ఆ ఇంట్లోనే పడుకుని, ఆ ఇంటి పిల్లల్ని పెంచే పనిమనిషి కుటుంబం కింద లెక్కకి రాలేదు. 1980 నాటి కార్మిక చట్టమైతే ఇంటి పనివాళ్ళని అసలు బయటే పెట్టింది. వాళ్ళకంటూ చట్టం 2017లో వచ్చింది: వారానికో సెలవు, రోజుకి 12 గంటల విశ్రాంతి, పాస్‌పోర్టు తన దగ్గరే ఉంచుకునే హక్కు. నా దృష్టిలో వీటన్నిటిలో పెద్దది ఆ వారం సెలవే. సెలవు లేని మనిషి గుమ్మం దాటదు, చర్చిలోనో గుడి దగ్గరో కరామా బజార్లోనో ఇంకో తెలుగామె కలవదు, ఏ నంబరూ చెవిన పడదు.

మొగుడి వీసా మీద వచ్చిన చదువుకున్న అమ్మాయిల భయం వేరు. విడాకులంటే వీసా పోవడమే, వీసా పోతే పిల్లల స్కూలూ పోవడమే. 2018 నుంచి విడాకులైనవాళ్ళకి, భర్త పోయినవాళ్ళకి ఏడాది గడువు ఇస్తున్నారు. ఈ ముక్క తెలియక ఓర్చుకుంటున్నవాళ్ళు ఫ్లాట్లలో ఇంకా ఉన్నారు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళే వాళ్ళు.

చివరగా ఇంకో నంబరు. 2010 నవంబర్లో రాష్ట్రపతి ప్రతిభా పాటిల్ వచ్చినప్పుడు దుబాయ్‌లో భారత కార్మికుల సహాయ కేంద్రాన్ని ప్రారంభించారు. ఇప్పుడది ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం. ఫోన్ ఉచితం. నంబరు 800-ఇండియా. కీప్యాడ్ మీద ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే 80046342 వస్తుందన్నమాట. ఎవరికొచ్చిన ఆలోచనో గానీ ముచ్చటగా ఉంది, ఇంగ్లీషు అక్షరాలు వచ్చినవాళ్ళకి! రాజోలు నుంచి వచ్చి మూడో క్లాసుతో బడి మానేసినామెకి అది ఎనిమిది అంకెలు, అంతే. 800111 పెట్టినవాళ్ళు తెలిసే చేశారో లేదో, మూడు ఒకట్లు ఏ భాషామె నోటికైనా వస్తాయి.

అందుకే ఎపిసోడ్ చివర ఈ రెండు నంబర్లనీ నిదానంగా, "ఎనిమిది, సున్నా, సున్నా, ఒకటి, ఒకటి, ఒకటి" అని తెలుగులో మూడేసి సార్లు మళ్ళీ చెప్పి రికార్డ్ చేశాం. ఆ ముక్కని విడిగా కోసి పెట్టాం, ఒక నిమిషం కూడా లేదు. అందులో చదవాల్సింది ఏమీ లేదు. వాట్సాప్‌లో ఇంటికి పంపితే, అక్కడ్నించి వాళ్ళే ఇక్కడున్న అక్కకో వదినకో పంపుకుంటారు.