ఇటుకలు పట్టిన చేతులు

అమెరికన్ ఫుట్‌బాల్ పేరులో పాదం ఉన్నా ఆట చాలావరకు చేతులతోనే సాగుతుంది. కోలగా ఉండే ఆ బంతిని క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడు దూరంగా విసురుతాడు. ప్రత్యర్థులు మీద పడుతుండగా, పరుగు ఆపకుండా దానిని ఒడిసి పట్టేవాడు రిసీవర్. ఆ విద్యలో అగ్రగణ్యుడని పలువురు ఒప్పుకొనే జెర్రీ రైస్ చరిత్రను చదువరులకు విన్నవించుకోవాలని ఈ టపా.

ఆయన 1962 అక్టోబరు 13న మిసిసిపీ రాష్ట్రంలోని స్టార్క్‌విల్‌లో జన్మించాడు. ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో జేమ్స్ మెరెడిత్ అనే నల్లజాతి విద్యార్థి మొట్టమొదట ప్రవేశించినది అదే నెల 1వ తేదీన. ఆ ఒక్కరి చదువు కోసం సైన్యం దిగవలసి వచ్చింది. అల్లర్లలో ఇద్దరు మరణించారు. పన్నెండు రోజుల అనంతరం పుట్టిన ఈ నల్లజాతి శిశువుకు లోకం ఎట్టి స్వాగతం పలికి ఉంటుందో ఊహించవచ్చు.

తండ్రి తాపీమేస్త్రీ. ఎనమండుగురు సంతానం. క్రాఫర్డ్ అనే చిన్న ఊరిలో పెరిగిన జెర్రీ వేసవి సెలవులలో తండ్రితో పనికి వెళ్ళేవాడు. అన్నదమ్ములు కింది నుండి ఇటుకలు విసురుతుంటే పరంజా మీద నిలబడి పట్టుకొనేవాడు. పట్టు తప్పితే దెబ్బ తగులుతుంది. తదుపరి కాలంలో కోట్లాది ప్రేక్షకులు మెచ్చిన ఆ చేతులకు ఓనమాలు దిద్దించినవి ఆ ఇటుకలే.

ఇక ఉపాధ్యాయుడినైన నన్ను కదిలించిన ఘట్టం. ఉన్నత పాఠశాలలో ఒకనాడు జెర్రీ తరగతి ఎగ్గొట్టి తిరుగుతుండగా ఉపప్రధానోపాధ్యాయుడు వెనుక నుండి వచ్చాడు. కుర్రవాడు బెదిరి పరుగు లంకించుకొన్నాడు. శిక్ష సంగతి అలా ఉంచితే, ఆ పెద్దమనిషి ఆ పరుగులోని వేగాన్ని గమనించి ఫుట్‌బాల్ శిక్షకుడి చెవిన వేశాడు. అక్కడి నుండే ఆయన ఆట మొదలయింది.

పెద్ద విశ్వవిద్యాలయాలు ఆయనను పట్టించుకోలేదు. ఇట్టా బెనా అనే ఊరిలో నల్లజాతివారి కోసం నెలకొల్పిన మిసిసిపీ వ్యాలీ స్టేట్ చేరదీసింది. అక్కడ విల్లీ టాటెన్ విసరగా, 1984లో ఒక్క ఏడాదిలోనే 27 టచ్‌డౌన్లు పట్టాడు. నేడు అక్కడి క్రీడాప్రాంగణానికి ఈ ఇద్దరి పేర్లే ఉన్నాయి. అయినప్పటికీ, వేగం చాలదని కొన్ని వృత్తి జట్లు సందేహించాయి. 1985లో శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ శిక్షకుడు బిల్ వాల్ష్ పట్టుబట్టి పదహారవ ఎంపికగా ఆయనను తెచ్చుకొన్నాడు.

తొలి నెలలలో బంతులు జారవిడిచి సొంత ప్రేక్షకుల చేతనే హేళన చేయించుకొన్నాడు. 1987 జనవరిలో న్యూయార్క్ జైంట్స్‌తో జరిగిన పోటీలో, ముందు అడ్డుకొనేవాడు ఎవడూ లేకుండా పరుగెత్తుతూ బంతి వదిలివేశాడు. ఆయన జట్టు 49-3 తేడాతో చిత్తుగా ఓడింది. మరొకడైతే కుంగిపోయేవాడు. ఆయన మాత్రం శాన్ కార్లోస్ సమీపంలోని కొండదారిలో, ఆటలేని కాలంలో సైతం, సుమారు రెండున్నర మైళ్ళు ఎగబాకుతూ సాధన చేశాడు. తోడుగా వచ్చిన ఆటగాళ్ళు కొందరు ఆ సాధనకు తాళలేకపోయారు. మరుసటి ఋతువులో 12 ఆటలలోనే 22 టచ్‌డౌన్లు సాధించాడు. 1989 జనవరి సూపర్ బౌల్‌లో 215 గజాలు గడించి ఉత్తమ క్రీడాకారుడయ్యాడు. ఆ జట్టుతో మొత్తం మూడు సూపర్ బౌల్ విజయాలు చవిచూశాడు. 1997లో మోకాలు చితికినా అదే ఏడాది తిరిగి వచ్చాడు. నలభై ఏళ్ళ వయసులో ఓక్‌లాండ్ రైడర్స్ పక్షాన మరొక సూపర్ బౌల్ ఆడాడు. ఆ జట్టు ఓడినా ఆయన టచ్‌డౌన్ సాధించాడు. 2005లో విరమించేనాటికి 1,549 బంతులు, 22,895 గజాలు, 208 టచ్‌డౌన్లు ఆయన ఖాతాలో చేరాయి. గజాల లెక్కలో రెండవ స్థానంలో ఉన్న లారీ ఫిట్జ్‌జెరాల్డ్ ఐదువేలకు పైగా వెనుకనే ఆగిపోయాడు. 2010లో ప్రతిష్ఠాత్మక కీర్తిమందిరంలో రైస్‌కు స్థానం లభించింది.

చరిత్ర వ్రాసేవాడు మచ్చను దాచరాదు. లీగు 1981లోనే నిషేధించిన జిగురును తన చేతితొడుగులకు కొద్దిగా రాసుకొనేవాడినని 2015లో ఆయనే చెప్పాడు. ఆనాడు అందరూ చేసినదే అని సమర్థించుకొన్నాడు. ఆ సమర్థన నాకు రుచించలేదు. అందరూ చూచివ్రాసినంత మాత్రాన పరీక్ష న్యాయమైనది కాదు. కానీ ఆ కొండదారిని ఎక్కించినది జిగురు కాదన్నది కూడా అంతే నిజం.

మూడు దశాబ్దాలకు పైగా పాఠం చెప్పాను. నా తరగతి నుండి కూడా పిల్లలు పారిపోయారు. నేను హాజరుపట్టీలో గీత గీశాను, బెత్తం తీశాను. వారెలా పరుగెత్తారో ఒక్కనాడూ చూడలేదు. వారిలో ఒక జెర్రీ ఉన్నాడో లేడో ఇప్పుడు తెలుసుకొనే మార్గం లేదు. ఈ నాలుగు మాటలు చదివే ఉపాధ్యాయ మిత్రులైనా, పారిపోయే కుర్రవాడిని పట్టుకొనే ముందు ఒక్క క్షణం ఆగి చూడవలసినదిగా మనవి.