ఒక రోగి, ఒక సంఖ్య: మేయో క్లినిక్ సంస్కరణ

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం, రోచెస్టర్ పట్టణంలో విలియం, చార్లెస్ మేయో సోదరులు నడిపిన వైద్యశాలకు 20వ శతాబ్ది తొలినాళ్లలో రోగుల తాకిడి పెరిగేకొద్దీ, ఒక్కొక్క వైద్యుడు తన వద్ద వేరుగా ఉంచుకునే లెడ్జరు, అంటే రోగుల వివరాలను వచ్చిన వరుసలో రాసుకునే లావుపాటి పుస్తకం, పనికి పెద్ద అడ్డంకిగా మారింది. తిరిగి వచ్చిన రోగి పూర్వచరిత్ర తెలియాలంటే పలు పుస్తకాలు తిరగేయవలసి వచ్చేది. ఈ లోపాన్ని గుర్తించిన అక్కడి వైద్యుడు డాక్టర్ హెన్రీ ప్లమ్మర్ 1907లో ప్రతి రోగికీ ఒక సంఖ్య కేటాయించి, పరీక్షల ఫలితాలు, శస్త్రచికిత్స వివరాలు, ఉత్తరాలు అన్నీ ఆ సంఖ్యగల ఒకే ఫైలులో చేరే పద్ధతిని ప్రవేశపెట్టగా, ఏ విభాగపు వైద్యుడైనా ఆ వ్యక్తి ఆరోగ్యచరిత్ర మొత్తాన్ని ఒకేచోట చూడగలిగాడు. వైద్యశాలలోని చిక్కులు కొన్ని నైపుణ్యలోపం వల్ల గాక, సమాచారం చెల్లాచెదురు కావడం వల్లనే పుడతాయని ఈ సంస్కరణ స్పష్టంగా నిరూపించింది.