సరుకు ఆగలేదు, అప్పు ఆగింది: దక్షిణాఫ్రికాపై ఆంక్షల చరిత్ర

ఒక దేశంతో వర్తకం మానేస్తే ఆ దేశం దారికొస్తుందా? ఈ ప్రశ్నకు దక్షిణాఫ్రికా దాదాపు అర్ధశతాబ్దం పాటు జవాబు చెబుతూ వచ్చింది.

మొదటి అడుగు మనదే. భారత సంతతివారు భూమి కొనకుండా, నచ్చినచోట ఉండకుండా కట్టడి చేసే చట్టాన్ని 1946లో అక్కడి ప్రభుత్వం తెచ్చింది. ఇంకా స్వాతంత్ర్యమైనా రాని భారతదేశం అదే ఏడాది ఆ దేశంతో వర్తకం తెంచుకుంది. మన ఎగుమతుల్లో సుమారు 5 శాతం అప్పట్లో అక్కడికే వెళ్లేవి. ఆ నష్టాన్ని తెలిసే భరించాం.

నల్లజాతివారిని అణచివేసే వర్ణవివక్ష విధానానికి నిరసనగా 1962లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ సభ్యదేశాలన్నీ ఇదే పని చేయాలని కోరింది. అది వట్టి విజ్ఞప్తి. బ్రిటన్, అమెరికా వంటి పెద్ద కొనుగోలుదారులు పట్టించుకోలేదు. ఆ తీర్మానంతో పుట్టిన ప్రత్యేక కమిటీకి కార్యదర్శిగా వచ్చిన నెల్లూరు జిల్లావాసి ఏనుగ శ్రీనివాసులురెడ్డి మాత్రం రెండు దశాబ్దాలు పట్టు వదలలేదు.

1973లో అరబ్బు దేశాలు దక్షిణాఫ్రికాకు చమురు ఆపేస్తే షా ఏలుబడిలోని ఇరాన్ అమ్మింది. 1979 విప్లవంతో ఆ దారీ మూతపడింది. ఇక మిగిలినవి దొంగదారులే. కువైట్‌లో చమురు నింపుకున్న ‘సేలం’ అనే భారీ ట్యాంకర్ పేరు మార్చుకుని డర్బన్ చేరింది. సరుకు యజమానికి తెలియకుండా దాదాపు 1,80,000 టన్నులు దించేసి, ట్యాంకుల్లో సముద్రపు నీళ్లు నింపుకుని బయల్దేరింది. 1980 జనవరిలో సెనెగల్ తీరంలో మునిగిపోయింది. లైఫ్‌బోట్లలో బయటపడ్డ సిబ్బంది చేతుల్లో సర్దిపెట్టుకున్న పెట్టెలున్నాయి! కావాలనే ముంచారని తర్వాత తేలింది. చమురు అందుతూనే ఉంది, కానీ ఎక్కువ ధరకు. బొగ్గు నుంచి పెట్రోలు తీసే సాసోల్ కర్మాగారాలకూ ప్రభుత్వం భారీగా ఖర్చుపెట్టాల్సి వచ్చింది.

అసలు దెబ్బ 1985లో పడింది. నల్లజాతి పేటల్లో తిరుగుబాటు ముదిరి, అత్యవసర పరిస్థితి ప్రకటించిన తరుణంలో చేజ్ మన్‌హటన్ బ్యాంకు స్వల్పకాలిక అప్పులను తిరగరాయనంది. మిగతా బ్యాంకులూ అదే బాట పట్టాయి. అక్కడి కరెన్సీ రాండ్ విలువ పడిపోయింది, సెప్టెంబరులో దేశం బాకీల చెల్లింపు నిలిపేసింది. కొత్త అప్పు పుట్టకపోతే ఎగుమతుల మిగులుతోనే పాత బాకీ తీర్చాలి. అందుకు దిగుమతులు తగ్గించుకోవాలి. యంత్రాలు రాకపోతే పరిశ్రమ పెరగదు. సరుకుకు దొడ్డిదారి ఉంటుంది, అప్పుకు ఉండదు.

1986లో అధ్యక్షుడు రీగన్ వీటోను తోసిపుచ్చి అమెరికా కాంగ్రెస్ బొగ్గు, ఉక్కు, యురేనియం దిగుమతులను, కొత్త పెట్టుబడులను నిషేధించింది. ఇతరులు వెనక్కి తగ్గుతుంటే, 1987కల్లా జపాన్ దక్షిణాఫ్రికాకు అతిపెద్ద వ్యాపార భాగస్వామి అయింది.

ఆంక్షల వల్ల నష్టపోయేది నల్లజాతి కూలీలేనని బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ వాదించారు. నష్టం నిజమే. అయినా ఆంక్షలు కావాలని లుథూలీ, టూటూ వంటి నల్లజాతి నాయకులే అడిగారు. 1990లో జైలు నుంచి విడుదలైన మండేలా వాటిని అప్పుడే ఎత్తేయవద్దన్నారు. ఎన్నికలకు బాట పడ్డాకే, 1993 సెప్టెంబరులో, ఎత్తేయమని ఐక్యరాజ్యసమితిని స్వయంగా కోరారు.

వర్ణవివక్షను కూల్చింది ప్రధానంగా ఆ ప్రజల పోరాటమే, ఆంక్షలు దానికి ఆసరా అయ్యాయి. ఎవరి మేలు కోసం ఆంక్షలు పెడుతున్నామంటామో, ఆ ప్రజలే వాటిని అడుగుతున్నారా? ఏ దేశంపై ఆంక్షలు విధించే ముందైనా అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.