దాచిన పెట్టె, పాత నియమం: అమెరికా జాతీయ పార్కులలో జియోకాషింగ్

పరిచయం

ఒక నియమాన్ని రాసిన నాటికి లేని పని ఆ నియమం కిందికి వస్తుందా? చరిత్ర విద్యార్థిగా ఈ ప్రశ్న మీకు పలుమార్లు ఎదురవుతుంది. అమెరికా జాతీయ పార్కులలో జియోకాషింగ్ అనే ఆటపై వచ్చిన వివాదం ఇందుకు మంచి ఉదాహరణ. ఈ ఆటను అడ్డుకున్న నియమాలు ఆటకంటే పాతవి. వాటికి ఆధారమైన ఆశయాలు ఎలాంటివో, అవి నేటి విధానాన్ని ఎలా మలచాయో ఈ భాగంలో తెలుసుకుంటారు.

ఆట పుట్టుక

జి.పి.ఎస్. ఉపగ్రహ వ్యవస్థను అమెరికా రక్షణ శాఖ నిర్మించింది. పౌరులకు అందే సంకేతాలలో ప్రభుత్వం కావాలనే కొంత తప్పు కలిపేది. అందువల్ల సాధారణ పరికరం చూపే స్థానంలో దాదాపు 100 మీటర్ల వరకు తేడా ఉండేది. 2000 మే నెల మొదట్లో క్లింటన్ ప్రభుత్వం ఈ పద్ధతిని ఆపివేసింది. వెంటనే మే 3న డేవ్ అల్మర్ అనే వ్యక్తి ఆరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ సమీపంలో ఒక బకెట్‌ను కొంత భాగం నేలలోకి దించి దాచాడు. అది ఉన్న చోటి అక్షాంశ, రేఖాంశాలను ఇంటర్నెట్‌లో ప్రకటించాడు. వెతికి కనుగొన్నవారు అందులోని ఒక వస్తువు తీసుకొని, మరొకటి ఉంచి, పుస్తకంలో తమ పేరు రాయాలి. ఆట త్వరలోనే ఇతర దేశాలకు పాకింది.

పాత నియమాలు

1872లో ఎల్లోస్టోన్ జాతీయ పార్కుగా ఏర్పడింది. 1916 నాటి చట్టం నేషనల్ పార్క్ సర్వీస్‌ను స్థాపించి, దానికి రెండు బాధ్యతలు అప్పగించింది. ప్రకృతిని, చారిత్రక వస్తువులను, వన్యప్రాణులను కాపాడాలి. ప్రజలు వాటిని చూసి ఆనందించేలా చేస్తూనే, భావితరాలకు చెడకుండా అందించాలి. ఈ రెండు బాధ్యతల మధ్య ఉన్న ఒత్తిడిని మీరు గమనించాలి. ప్రజల ఆనందం ఎక్కడ ఆగాలో, రక్షణ ఎక్కడ మొదలవ్వాలో చట్టం గీత గీసి చెప్పలేదు.

1983లో వచ్చిన నిబంధనల ప్రకారం, పార్కులో ఏ వస్తువునూ 24 గంటలకు మించి గమనించేవారు లేకుండా వదలకూడదు. నేలను తవ్వడం, సహజ స్థితిని చెదరగొట్టడం కూడా నిషిద్ధమే. ఇవి జియోకాషింగ్ కోసం రాసినవి కావు. అప్పటికి ఆ ఆట లేనే లేదు. అయినా నెలల తరబడి చెట్టు తొర్రలో ఉండే పెట్టెకు ఇవి నేరుగా వర్తించాయి. అందుకే పార్క్ సర్వీస్ తొలుత ఇలాంటి పెట్టెలను అనుమతించలేదు.

ఇరుపక్షాల వాదన

అధికారుల భయానికి ఆధారం ఉంది. పెట్టె ఒక్కటే అయినా దాని కోసం వచ్చేవారు ఎందరో. అందరూ ఒకే చోటికి నడిస్తే కొత్త కాలిబాట పడుతుంది. యూటా ఎడారి పార్కులలో నేలను పట్టి ఉంచే సజీవమైన మట్టి పొర ఒక్క అడుగుకే చిట్లుతుంది. అది కోలుకోవడానికి దశాబ్దాలు పట్టవచ్చు. ఆటగాళ్ల వాదన కూడా తీసిపారేయదగినది కాదు. ఇది ప్రజల భూమి, కాలినడక యాత్రికులకు ఉన్న హక్కు తమకూ ఉందని వారు అడిగారు. ఆడుతూ చెత్త ఏరే అలవాటును కూడా వారు ప్రచారం చేశారు.

ఒక పోలిక

బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ కూడా ప్రభుత్వ భూములనే నిర్వహిస్తుంది. కాని 1976 చట్టం ప్రకారం దాని భూములు పశువుల మేత, గనులు, వినోదం వంటి బహుళ ప్రయోజనాలకు ఉద్దేశించినవి. అందువల్ల అది జియోకాషింగ్‌ను చాలావరకు సాధారణ వినోదంగానే చూసింది. 1964 వైల్డర్‌నెస్ చట్టం కింద ప్రకటించిన ప్రాంతాలకు, పురావస్తు స్థలాలకు మాత్రం ఈ వెసులుబాటు వర్తించదు. పెట్టె అదే, ఆట అదే. మూల చట్టం మారడంతో నియమం మారింది.

రాజీ మార్గం

2004లో జియలాజికల్ సొసైటీ ఆఫ్ అమెరికా తోడ్పాటుతో ఎర్త్‌కాష్ అనే పద్ధతి మొదలైంది. ఇందులో పెట్టె ఉండదు. ఆటగాడు ఆ చోటికి వెళ్లి, అక్కడి శిలలను లేదా నేల తీరును పరిశీలించి, అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఇలాంటిది ఏర్పాటు చేయడానికి కూడా ఆ భూమి నిర్వాహకుల అనుమతి అవసరం. తరువాతి కాలంలో పార్క్ సర్వీస్ నిర్ణయాధికారాన్ని ఆయా పార్కుల సూపరింటెండెంట్లకు వదిలింది. కొన్ని పార్కులలో ముందస్తు అనుమతితో పెట్టెలు కూడా ఉంచవచ్చు.

సారాంశం

కొత్త సాంకేతికత వచ్చిన ప్రతిసారీ కొత్త చట్టం రాదు. మొదట పాత నియమమే దానికి వర్తిస్తుంది. ఆ తరువాత వాదన, సర్దుబాటు జరుగుతాయి. ఇక్కడ 1916 చట్టంలోని రెండు బాధ్యతలలో ఏదీ రద్దు కాలేదు. నేల చెదరకుండా ఆనందించే మార్గాన్ని ఆటగాళ్లు, అధికారులు వెతుక్కున్నారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1983 నిబంధనలు జియోకాషింగ్‌కు ఎలా వర్తించాయి?
2. రెండు ప్రభుత్వ సంస్థల విధానాలు వేరుగా ఉండటానికి కారణం ఏమిటి?
3. మీరు పార్కు సూపరింటెండెంట్ అయితే ఒక పెట్టెకు అనుమతి ఇచ్చే ముందు ఏయే విషయాలు పరిశీలిస్తారు? పది వాక్యాలలో రాయండి.