ఆ సాయంత్రం 17 మంది వచ్చారు

1934 మార్చి. న్యూయార్క్‌లోని మాడిసన్ అవెన్యూలో కొత్తగా తెరిచిన బ్యాలే బడి. సాయంత్రం క్లాసుకు వచ్చినవాళ్లను మాస్టారు లెక్కపెట్టారు. 17 మంది. అందరూ అమ్మాయిలే.

పదహారు మందైతే వరసలు తేలిగ్గా కుదిరేవి. పదిహేడు చిక్కు సంఖ్య. అయినా ఆయన ఎవరినీ పక్కన కూర్చోబెట్టలేదు. చిట్టచివరి అమ్మాయి కూడా కనిపించేలా ఏటవాలు వరసల్లో నిలబెట్టారు. చైకోవ్‌స్కీ సంగీతానికి 17 కుడిచేతులు పైకి లేచాయి. దగ్గరగా ఆనించిన పాదాలన్నీ ఒక్కసారిగా పక్కలకు విచ్చుకున్నాయి. బ్యాలే నేర్చుకోవడానికి వచ్చిన ఎవరికైనా మొట్టమొదట నేర్పే భంగిమ అది!

ఆ మాస్టారు జార్జ్ బాలన్‌చీన్. వయసు 30. తొమ్మిదో ఏట సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జార్ చక్రవర్తుల నాట్య పాఠశాలలో చేరారు. విప్లవం తెచ్చిన ఆకలినీ చలినీ అనుభవించారు. 1924లో దేశం విడిచి, బ్యాలే నిర్వాహకుడు దియాగిలెవ్ బృందానికి నృత్యాలు కూర్చారు. 1929లో దియాగిలెవ్ కన్నుమూయడంతో ఆ నీడా పోయింది. క్షయ సోకి ఒక ఊపిరితిత్తి పాడైంది.

అలాంటి రోజుల్లో, 1933లో, లండన్‌లో లింకన్ కిర్‌స్టెయిన్ అనే అమెరికన్ యువకుడు ఆయనను కలిశాడు. తమ దేశంలో బ్యాలే బృందం పెడదాం రమ్మన్నాడు. బాలన్‌చీన్ షరతు ఒక్కటే: ముందు బడి పెట్టాలి.

అంతకుముందే రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా అమెరికాలో ఊరూరా ఆడి జనాన్ని మురిపించింది. రష్యన్ నృత్య దర్శకుడు ఫోకిన్ న్యూయార్క్‌లో స్థిరపడి పాఠాలు చెప్పాడు. బాలన్‌చీన్ ఇంకాస్త ముందుకు చూశారు. అమెరికా పిల్లలే అమెరికా రంగస్థలానికి ఎదగాలన్నది ఆయన పట్టుదల.

రెండో రోజు తొమ్మిది మందే వచ్చారు. మూడో రోజు ఆరుగురు. ఎందరొస్తే అందరికీ సరిపడా కూర్చారు. ఓ రోజు ఒకమ్మాయి పడిపోయి ఏడ్చింది. ఆ పడిపోవడాన్ని నృత్యంలో ఉంచేశారు. ఇంకో అమ్మాయి ఆలస్యంగా వచ్చింది. ఆ రావడమూ నృత్యంలో చేరిపోయింది. మగపిల్లలు రావడం మొదలయ్యాక వాళ్లకూ చోటు దొరికింది.

జూన్ 10న వైట్ ప్లెయిన్స్ దగ్గర వార్బర్గ్ కుటుంబ ఎస్టేట్‌లో, ఆరుబయట ఆ విద్యార్థులే దాన్ని ప్రదర్శించారు. పేరు ‘సెరెనేడ్’. అమెరికాలో బాలన్‌చీన్ కూర్చిన తొలి బ్యాలే అది.

తర్వాతి ఏళ్లలో బృందాలు పుట్టాయి, మూతపడ్డాయి. బడి మాత్రం ఆగలేదు. 1948లో న్యూయార్క్ సిటీ బ్యాలే ఏర్పడేనాటికి దానికి కావలసిన కళాకారులను ఆ బడే తయారుచేసి ఉంచింది.

1962 అక్టోబరు. ఆ బృందాన్ని వెంటబెట్టుకుని, 38 ఏళ్ల తర్వాత బాలన్‌చీన్ రష్యా గడ్డపై అడుగుపెట్టారు. సంగీతకర్త అయిన తమ్ముడు ఆంద్రియా ఎదురొచ్చాడు. శాస్త్రీయ బ్యాలే పుట్టింటికి స్వాగతమన్నవారికి, ఇప్పుడు దాని ఇల్లు అమెరికాయేనని ఆయన బదులిచ్చారంటారు.

ఆ మాట అనే హక్కు ఆయనకుంది. రష్యా తనకిచ్చిన విద్యను ఆయన అమెరికా పిల్లల ఒంటికి, వాళ్ల వేగానికి, చివరికి వాళ్ల పొరపాట్లకూ తగ్గట్టు మలిచి ఇచ్చారు. పరాయి దేశపు కళ ఒక నేలలో వేరూనాలంటే ఇంత ప్రేమగా నేర్పేవాళ్లు కావాలి. అమెరికాకు ఆ గురువు దొరికారు.