రిజిస్టరులో కాలమ్ లేని జబ్బులు

ఈ ప్రత్యేక సంచికకు ఆరోగ్యశాఖ గురించి ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. నేను డాక్టరును కాను. 1973 నుండి ముప్పై మూడేళ్లపాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో గుమాస్తాగా ఉండి జీతాల బిల్లులు, మందుల స్టాకు పుస్తకాలు, నెలవారీ నివేదికలు వ్రాసినవాడిని. కనుక వైద్యం జోలికి పోకుండా, ఆ కాగితాలలో నాకు కనిపించిన చరిత్ర చెబుతాను.

మన వైపు తిండికీ జబ్బుకీ ఉన్న సంబంధం బియ్యం దగ్గరే బయటపడింది. ఉత్తర సర్కారులనబడే కోస్తా జిల్లాలలో ఒకప్పుడు బెరిబెరి పాతుకుపోయి ఉండేది. కాళ్లు తిమ్మిరెక్కి, ఒంటికి నీరుపట్టి, గుండె నీరసించి మనుషులు పోయేవారు. 1918లో కూనూరులో మెకారిసన్ అనే వైద్యుడు ఒకే ఒక్క గదిలో ఈ వ్యాధిపై పరిశోధన ప్రారంభించారు. మరపట్టిన పచ్చిబియ్యం తెల్లబడేకొద్దీ తవుడుతోపాటు బి1 విటమిన్ కూడా పోతుందనీ, ఉప్పుడు బియ్యం తినేవారికి ఆ బెడద తక్కువనీ క్రమేణా తేలింది. ఆ ఒక్క గదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు పొందింది.

ఈ విజ్ఞానాన్ని పల్లెకు చేర్చేదెవరు? భోర్ కమిటీ 1946లోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కావాలని చెప్పింది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలయ్యాక బ్లాకుల్లో అవి వెలిశాయి. 1978లో ఆల్మా అటా మహాసభ ప్రాథమిక ఆరోగ్యమంటే ఏమిటో చెబుతూ ఆరోగ్య బోధననూ, సరైన ఆహారాన్నీ అందులో చేర్చింది.

నేను చేరేనాటికి మా నర్సమ్మలు చెప్పే ఆహారపాఠమంతా లోపాల గురించే. పిల్లలకు రేచీకటి రాకుండా ఆరు నెలలకొకసారి రెండు లక్షల యూనిట్ల ఎ విటమిన్ ద్రావణం, గర్భిణులకు ఐరను మాత్రలు. ఈ రెండు పథకాలూ 1970లో వచ్చినవే. మునగాకు వండండి, తోటకూర పారేయకండి, బొప్పాయి పెట్టండి అని అరుగుల మీద కూర్చుని చెప్పేవారు. ఎంతమందికి చెప్పారో నేను రిజిస్టరులో ఎక్కించేవాడిని. కుటుంబ నియంత్రణ లక్ష్యం నివేదిక మొదటి పేజీలో, ఈ లెక్క చివరి పేజీలో! అయినా ఆ పాఠం ఎంతోమంది పిల్లల కళ్లు నిలిపిందని నా నమ్మకం.

చక్కెర జబ్బుకు మాత్రం కాలమ్ లేదు. రక్తపోటు యంత్రం ఉండేదిగాని, అది గర్భిణులకూ, మంచాన పడ్డవారికీ. వ్యాయామం మాట ఎవరూ ఎత్తలేదు. పొలం పనికి పోయేవాడికి నడవమని చెబితే నవ్వడూ?

ఇంతలో కాలం మారింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. దాన్ని నేను తప్పుపట్టను. పస్తులు ఎరిగినవాడెవడూ తప్పుపట్టడు. కాని జొన్న, కొర్ర, సజ్జ తినే మెట్టప్రాంతాల కంచాలలోకి తెల్లబియ్యం రావడానికి అదొక కారణమైంది. ట్రాక్టరు, మోటారు సైకిలు ఒంటి శ్రమను తగ్గించాయి. మనబోటి ఉద్యోగులకైతే అంతకుముందే కుర్చీ ఉండనే ఉంది.

నాతో పనిచేసిన మందుల గుమస్తా ఒకాయన వేలమందికి మాత్రలు పంచాడు. రిటైరైన మూడో ఏట పక్షవాతంతో పడిపోయాడు. ఆసుపత్రిలో చూస్తే రక్తపోటు విపరీతం. ఎప్పటినుంచి ఉందో చెప్పడానికి ఆయన ఒంటి లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. మాట పడిపోయి నాలుగేళ్లు మంచంలో ఉన్నాడు.

2010లో చక్కెర, గుండె జబ్బులు, క్యాన్సరు, పక్షవాతాల నివారణకు జాతీయ పథకం కొన్ని జిల్లాలలో మొదలైంది. 2018 నుండి ఉపకేంద్రాలను ఆరోగ్య, సంక్షేమ కేంద్రాలుగా మార్చసాగారు. ఇప్పుడు ముప్పై దాటినవారందరి వివరాలూ ఆశా కార్యకర్త ఒక ఫారంలో నింపాలి. పొగాకు, మద్యం, ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బులున్నాయా, వారానికి 150 నిమిషాలైనా ఒళ్లు కదిలిస్తున్నారా అని అడుగుతుంది. నడుము కొలుస్తుంది. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే మార్కులు పడతాయి. ఈ పరీక్షలో మార్కులు తక్కువ రావాలి సుమా! నాలుగు దాటినవారిని ముందుగా పరీక్షలకు పంపుతారు.

2024లో జాతీయ పోషకాహార సంస్థ వెలువరించిన సూచనలలో ఉప్పు రోజుకు అయిదు గ్రాములు దాటరాదని ఉంది. ఆవకాయ మీద నాకు ద్వేషం లేదు, కాని రెండు పూటలా అదే కూరయితే లెక్క తప్పుతుంది.

మనవాళ్లలో చాలామంది ఆ కేంద్రం బీదలకోసమని గడప తొక్కరు. పెద్దాసుపత్రికి పోయేది పడిపోయాకనే. జబ్బు పడకముందు చూసేవారు వీధి చివర ఉన్నారు, డబ్బూ అడగరు.

మొన్న ఆశా అమ్మాయి మా ఇంటికి వచ్చింది. నా నడుము 98. మా ఆవిడ మాత్రం సిగ్గుపడి, "కొలవడం దేనికమ్మాయ్, నేను చెబుతాను వ్రాసుకో" అంది. ఆ పిల్ల ఒప్పుకోలేదు. "టేపు పెట్టకుండా కాలమ్ నింపకూడదండీ అమ్మగారూ" అంది. ముప్పై మూడేళ్ల గుమాస్తాను, ఆ మాటకు ముచ్చటేసి కుర్చీ వేసి కాఫీ ఇప్పించాను. చక్కెర లేకుండానే.